ఒకే క్యాబినెట్‌లో రెండు కంప్యూటర్లు: గోడ గూటి కొలతలకు తగ్గట్టు చేయించుకోవడం ఎలా?

ప్రశ్న
ఆల్బమ్ డిజైనర్, కొర్లగుంట, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను కొర్లగుంటలో మా ఇంటి ముందు గదిలోనే పెళ్లి ఆల్బములు డిజైన్ చేస్తాను, వీడియోలు కూడా ఎడిట్ చేస్తుంటాను. నా దగ్గర రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఎడిటింగ్‌కు వాడే దానిలో ఏటీఎక్స్ (పెద్ద సైజు) మదర్‌బోర్డు, రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్, దాని మీద 155 మిల్లీమీటర్ల ఎత్తున్న టవర్ కూలర్, రెండు ఫ్యాన్ల ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరు భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఉన్నాయి. రెండోది ఫైళ్లు దాచే కంప్యూటరు. అందులో మైక్రో ఏటీఎక్స్ బోర్డు, ఐ3 10100 ప్రాసెసర్, నాలుగు 3.5 అంగుళాల హార్డ్ డిస్కులు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్నాయి. ముహూర్తాలున్న రోజుల్లో ఫొటోగ్రాఫర్లు కల్యాణ మండపం నుంచే నాకు ఫైళ్లు పంపుతారు కాబట్టి ఈ రెండోది రాత్రింబవళ్లు నడుస్తూనే ఉండాలి.

గది చిన్నది, కస్టమర్లు వచ్చి కూర్చునేదీ అందులోనే. ఇప్పుడు రెండు క్యాబినెట్లూ బల్ల కింద నేల మీద ఉన్నాయి. పిల్లల కాళ్లు తగులుతుంటాయి, ఇల్లు తుడిచే నీళ్లు వాటి దాకా వస్తుంటాయి. గోడలో 60 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల ఎత్తు, 55 సెంటీమీటర్ల లోతు ఉన్న సిమెంటు గూడు ఒకటి ఖాళీగా ఉంది. రెండింటినీ ఒకే క్యాబినెట్‌లో అమర్చి ఆ గూట్లో పెట్టాలని నా ఆలోచన. రెండు పాత క్యాబినెట్లనూ పక్కపక్కన పెడితే గూట్లో వైర్లకు గానీ గాలికి గానీ చోటు మిగలడం లేదు.

నాకు తెలియవలసినవి ఇవి. ఇలాంటి క్యాబినెట్ రెడీమేడ్‌గా దొరుకుతుందా, లేక చేయించుకోవలసిందేనా? చేయించుకుంటే రేకుతోనా, ప్లైవుడ్‌తోనా? రెండు కంప్యూటర్లకూ కలిపి ఒకే పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెట్టుకోవచ్చా? గదిలో ఏసీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుందని మీకు తెలిసిందే. ఆ వేడిలో రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచడం క్షేమమేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం
కంప్యూటర్లు బిగించే పనిలో ఉన్నవారు, తిరుపతి

నమస్కారమండీ. మీరు కొలతలన్నీ ఇచ్చారు కాబట్టి సూటిగా మాట్లాడుకోవచ్చు.

ముందు రెడీమేడ్ సంగతి. రెండు కంప్యూటర్లు పట్టే క్యాబినెట్లు మార్కెట్లో లేకపోలేదు. కోర్సెయిర్ 2018లో తెచ్చిన అబ్సిడియన్ 1000డీ, ఫాంటెక్స్ వారి ఎంతూ ప్రో 2 అలాంటివే. అయితే వాటిలో రెండో బోర్డుకు కేటాయించిన చోటు మినీ ఐటీఎక్స్‌కు, అంటే 170 మిల్లీమీటర్ల చదరానికి మాత్రమే సరిపోతుంది. మీ మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244 మిల్లీమీటర్ల చదరం కాబట్టి అందులో పట్టదు. పైగా 1000డీ లోతే దాదాపు 70 సెంటీమీటర్లు ఉంటుంది, మీ గూటి లోతు 55. కాబట్టి చేయించుకోవడమే సరైన దారి.

రెండు కంప్యూటర్లను ఒకే పెట్టెలో పెట్టడమంటే వాటిని కలిపేయడం కాదు. పైతొడుగు ఒక్కటే ఉమ్మడిగా ఉండాలి. గాలి, కరెంటు, తెరిచే తలుపు దేనిది దానికే ఉండాలి. ఎడిటింగ్ కంప్యూటర్లో ర్యామ్ మార్చాలన్నా, దుమ్ము దులపాలన్నా ఫైళ్ల కంప్యూటరును ఆపవలసి వస్తే మీరు పడిన శ్రమంతా వృథా అవుతుంది.

చాలామందికి మొదట తట్టే పద్ధతి ఏమిటంటే, మధ్యలో ఒక రేకు నిలబెట్టి దానికి అటొక బోర్డు, ఇటొక బోర్డు వీపు వీపు ఆనించి బిగించడం. చూడటానికి అది పొందికగానే ఉంటుంది. కానీ రెండింటి వెనుక భాగాలూ ఒకే వైపుకు రావాలంటే రెండో బోర్డును తలకిందులుగా బిగించాలి, అప్పుడు దాని స్లాట్లు (కార్డులు గుచ్చే చోట్లు) పైకి, ప్రాసెసర్ కిందికి వస్తాయి. అదేమీ పనిచేయకపోదు. అయితే ఒక వైపు 155 మిల్లీమీటర్ల కూలర్, రెండో వైపు దాని కూలర్, నడుమ రేకూ, స్టాండాఫ్‌లూ (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న స్క్రూ కాళ్లు) అంతా కలిసి పెట్టె లావెక్కుతుంది. లోపల ఏది చూడాలన్నా పెట్టె మొత్తాన్ని గూట్లోంచి బయటికి తీసి పక్కకు తిప్పాలి. మీ గూటికి అది అనుకూలం కాదు.

మీకు నేను సూచించేది రెండు బోర్డులనూ పడుకోబెట్టడం. ముందూ వెనకా తెరిచి ఉన్న ఒక రేకు తొడుగు, దాని నడుమ ఒక అడ్డు రేకు, ఆ రెండు అరల్లోకీ సొరుగుల్లాగా జరిగే రెండు ట్రేలు. ట్రే అడుగు రేకు, ముందు పలక, వెనుక పలక మూడూ ఒకే ముక్కగా ఉండాలి. ఫ్యాన్లు ముందు పలకకూ, బోర్డు అడుగు రేకుకూ, పోర్టులు వెనుక పలకకూ వస్తాయి. ముందు నుంచి లాగితే కంప్యూటరు మొత్తం ట్రేతోపాటు చేతిలోకి వచ్చేస్తుంది, రెండోది నడుస్తూనే ఉంటుంది.

కొలతలు ఇలా వస్తాయి. ఏటీఎక్స్ బోర్డు వెనుక అంచు 305 మిల్లీమీటర్లు, దాని పక్కన ఎస్‌ఎంపీఎస్ వెడల్పు 150, రెండూ కలిపి 455. పక్కల్లో కాస్త సందు కలుపుకుంటే పెట్టె వెడల్పు 500 అవుతుంది. పై అర ఎత్తు మీ కూలర్‌ను బట్టి ఉంటుంది. కూలర్ 155, దాని కింద ప్రాసెసర్, బోర్డు, స్టాండాఫ్ కలిపి సుమారు 16, అంటే 171. అందుచేత అర ఎత్తు 185 పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు ఇందులో నిటారుగా నిలబడుతుంది కాబట్టి వేలాడి వంగిపోయే బాధ ఉండదు. అయితే కొన్ని కార్డులు వెనుక బ్రాకెట్టు కంటే ఎత్తుగా ఉంటాయి, వాటి పవర్ వైరు పై అంచు నుంచే వస్తుంది. ఆ వైరు వంపు తిరగడానికి 30 మిల్లీమీటర్లయినా కావాలి. రేకు కోయించే ముందు మీ కార్డును బోర్డులో పెట్టి స్కేలుతో కొలిచి చూడండి.

కింది అర 130 మిల్లీమీటర్లు చాలు. ఎస్‌ఎంపీఎస్ ఎత్తు 86, ఫ్యాను 120. ఐ3తో వచ్చే మామూలు కూలర్ అంత ఎత్తు ఉండదు. హార్డ్ డిస్కు 147 మిల్లీమీటర్ల పొడవు, 102 వెడల్పు, 26 మందం ఉంటుంది. నాలుగింటినీ పక్క అంచు మీద నిలబెట్టి, నడుమ ఒక్కొక్క సెంటీమీటరు సందు వదిలితే వరస వెడల్పు 140 లోపే ఉంటుంది, అంటే సరిగ్గా ఎస్‌ఎంపీఎస్ ముందు ఇమిడిపోతుంది. లోతు 460 పెట్టుకుంటే ముందు ఫ్యాను, దాని వెనుక డిస్కులు, వైర్లకు జాగా, ఆ వెనుక ఎస్‌ఎంపీఎస్ అన్నీ ఇముడుతాయి. మొత్తం పెట్టె ఎత్తు కాళ్లతో కలిపి 350 లోపే. మీ గూట్లో పైన 40 సెంటీమీటర్లు, వెనుక 9 సెంటీమీటర్లు మిగులుతాయి.

డిస్కుల కంప్యూటరు కిందే ఉండాలి. బరువు అడుగున ఉంటే పెట్టె కదలదు. వేడి పైకి పోతుంది కాబట్టి ఎక్కువ వేడెక్కే ఎడిటింగ్ కంప్యూటరు పైన ఉంటే దాని సెగ డిస్కులకు తగలదు.

బోర్డు రంధ్రాలను స్కేలుతో కొలిచి డ్రిల్ చేయించకండి. రిపేరు షాపుల్లో పాత టవర్ క్యాబినెట్లు మూల పడి ఉంటాయి. రెండు తెచ్చుకుని, బోర్డు బిగించే రేకునూ, పోర్టులు, స్లాట్లు ఉన్న వెనుక భాగాన్నీ వాటి పరస్పర స్థానం చెదరకుండా కోసి మీ ట్రేకు పాప్ రివెట్లతో బిగించండి. స్లాటుకూ స్లాటుకూ నడుమ దూరం 20.32 మిల్లీమీటర్లు. పోర్టుల రేకు పట్టే కంత 158.75కి 44.45. ఇందులో ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా గ్రాఫిక్స్ కార్డు స్లాటులో నేరుగా కూర్చోదు, స్క్రూ బిగించినప్పుడు స్లాటు మీద ఒత్తిడి పడుతుంది. కంపెనీ అచ్చులో తయారైన ఆ ముక్కకు ఉన్న కచ్చితత్వం మనం చేత్తో సాధించలేం.

సమాధానం
రేకు పని చేసేవారు, రేణిగుంట

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. రేకు గురించి నేను చెబుతాను.

కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు 18 గేజి, అంటే 1.2 మిల్లీమీటర్ల మందం తీసుకోండి. మార్కెట్లో దొరికే మామూలు క్యాబినెట్ల కంటే ఇది మందమే, కానీ మీ ట్రే ఒక మదర్‌బోర్డునూ నాలుగు డిస్కులనూ మోస్తూ ముందుకు లాగినప్పుడు కిందికి వంగకూడదు. పై కొలతలకు తొడుగూ, రెండు ట్రేలూ కలిపి సుమారు 1.8 చదరపు మీటర్ల రేకు పడుతుంది. ఉక్కయితే 17 కిలోలు, 2 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే 10 కిలోల లోపు. పెట్టె గూట్లోంచి కదిలే అవసరం లేదు కాబట్టి ఆ బరువు గురించి ఆలోచించనక్కర్లేదు. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు, కానీ పాత క్యాబినెట్ ఉక్కు ముక్కను దానికి వెల్డింగ్ చేయలేరు, రివెట్లే దిక్కు.

షాపుల బోర్డులకు వాడే ఏసీపీ షీటు అందంగా ఉంటుందని కొందరు దానితో క్యాబినెట్లు చేయిస్తున్నారు. దయచేసి వద్దు. దాని రెండు పలుచని అల్యూమినియం పొరల నడుమ ఉన్నది పాలిథిన్. రాత్రంతా మనిషి లేని గదిలో నడిచే ఎస్‌ఎంపీఎస్ పక్కన మండే పదార్థం ఉండకూడదు. ప్లైవుడ్ కూడా మండేదే. చీకాకు పెట్టే శబ్దాన్ని అది బాగా అణుస్తుందన్న మాట నిజమే. కానీ కరెంటు ప్రవహించని చెక్క పెట్టెలో ప్రతి లోహపు ముక్కకూ విడిగా ఎర్త్ తీగ లాగవలసి వస్తుంది. చెక్క మీద మోజు ఉంటే ముందు పలక చుట్టూ టేకు పట్టీ వేయించుకోండి, లోపలంతా రేకే ఉండనివ్వండి.

మడతలు బెండింగ్ మిషను మీదే వేయించండి. సుత్తితో కొట్టి మడిచిన రేకు మూల గుండ్రబడుతుంది, ట్రే ఒక చోట బిగుసుకుని ఇంకో చోట వదులవుతుంది. తొడుగు లోపలి వెడల్పు కంటే ట్రే 2 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. పౌడర్ కోటింగ్ పూత మందం కూడా ఇందులోకే వస్తుందని మరిచిపోకండి. గాజులమండ్యం పారిశ్రామికవాడ చుట్టుపక్కల విచారించండి. పని ఇచ్చేటప్పుడు నోటిమాటగా కాకుండా, అట్టతో అసలు సైజులో ట్రే చేసి, మీ బోర్డు, ఎస్‌ఎంపీఎస్, డిస్కులు అందులో పెట్టి చూసుకుని, ఆ అట్టనే షాపుకు తీసుకెళ్లండి. కాగితం మీద సరిపోయినది అట్టలో పట్టకపోవడం మా పనిలో తరచూ చూస్తుంటాం.

ఇంకొక విషయం. కోసిన రేకు అంచు చేతికి తగిలితే తెలియదు, కాసేపటికి నెత్తురు కనిపిస్తుంది. వైరు పై తొడుగునూ అది అలాగే కోస్తుంది. వైరు దూరే ప్రతి కంతనూ ఆకురాయితో నున్నగా రాకించి, రబ్బరు గ్రోమెట్ (కంత అంచును కప్పే వలయం) తొడిగించండి. ట్రే లాగినప్పుడల్లా కదిలే వైర్లు మీవి కాబట్టి మీకు ఇది మరీ ముఖ్యం.

సమాధానం
ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, చిత్తూరు

ఎస్‌ఎంపీఎస్ గురించి అడిగారు. రెండు ఎస్‌ఎంపీఎస్‌లు ఉంచుకోవడమే మంచిది, మీ దగ్గర రెండూ ఉన్నాయి కూడా. ఒకే దానితో రెండు బోర్డులు ఎందుకు నడపకూడదో చెబుతాను.

24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్ను, సాధారణంగా ఆకుపచ్చ తీగ, ఎస్‌ఎంపీఎస్‌ను ఆన్ చేసే సంకేతం. బోర్డు ఆ తీగను గ్రౌండుకు కలిపినప్పుడు 12, 5, 3.3 వోల్టులు అన్నీ ఒకేసారి వస్తాయి. రెండు బోర్డులు ఒకే ఎస్‌ఎంపీఎస్‌కు వేలాడితే, ఒకటి ఆన్ కాగానే ఆఫ్‌లో ఉండవలసిన రెండో బోర్డుకూ వోల్టేజీ వెళ్లిపోతుంది, దాని ఫ్యాన్లు, డిస్కులు తిరగడం మొదలవుతాయి. షట్‌డౌన్ చేసినా కరెంటు ఆగదు. ఈ పని కోసమే లోపల విడి సర్క్యూట్లతో చేసిన ఫాంటెక్స్ రివోల్ట్ ఎక్స్ వంటివి ఉన్నాయి. అవి లేకుండా వైర్లు చీల్చి కలపడం బోర్డులకు ప్రమాదం. పైగా ఒక్క ఎస్‌ఎంపీఎస్ పోతే రెండు కంప్యూటర్లూ ఒకేసారి ఆగిపోతాయి.

మీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ డిస్కుల కంప్యూటరుకు ధారాళంగా సరిపోతుంది. 3.5 అంగుళాల డిస్కు నిలకడగా తిరిగేటప్పుడు తీసుకునేది 5 నుంచి 8 వాట్లే. కానీ ఆగి ఉన్న డిస్కు తిరగడం మొదలుపెట్టే కొన్ని సెకన్లలో ఒక్కొక్కటి 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల వరకూ లాగుతుంది, అంటే నాలుగింటికీ కలిపి దాదాపు 100 వాట్లు. నాలుగు డిస్కులనూ ఒకే వైరుకు స్ప్లిట్టర్లు తగిలించి నడపకుండా, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే రెండు విడి వైర్లకు రెండేసి పంచండి.

ఇప్పుడు అసలు విషయం, ఎర్త్. ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ విద్యుత్ రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు లైనుకూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ నడుమ ఉంటాయి. ఎర్త్ లేని ప్లగ్గులో పెడితే ఇనుప పెట్టె మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల వరకూ నిలుస్తుంది. కరెంటు చాలా స్వల్పమే కాబట్టి ముట్టుకుంటే చేతికి చిమచిమలాడుతుంది. ఒకే పెట్టెలో రెండు ఎస్‌ఎంపీఎస్‌లు ఉంటే ఆ లీకేజీ రెండింతలవుతుంది. మీ గదికి కస్టమర్లు, పిల్లలు వస్తారన్నారు కాబట్టి ఎర్త్ ఉన్నదని నమ్మకం కుదరనిదే పెట్టెకు కరెంటు ఇవ్వకండి.

పౌడర్ కోటింగ్ కరెంటును అడ్డుకుంటుంది. తొడుగుకు, అడ్డు రేకుకు, రెండు ట్రేలకూ పూత వేయకముందే ఒక్కొక్క చోట టేపు అంటించి చిన్న జాగా ఖాళీగా ఉంచమనండి. ఆ ఖాళీ చోట ఆకుపచ్చ పసుపు తీగను రింగు లగ్గుతో, పళ్ల వాషరుతో బిగించి అన్నింటినీ కలపండి. తరువాత మల్టీమీటరు ఒక కొనను ప్లగ్గులోని లావు ఎర్త్ పిన్నుకూ, రెండో కొనను పెట్టె మీద స్క్రూలకూ పెట్టి చూడండి. ఎక్కడ పెట్టినా ఒక ఓమ్ కంటే తక్కువ చూపించాలి. ట్రేను సగం లాగి మళ్లీ చూడండి. జారే చోట రేకు రేకుకు తగులుతున్నది కదా, అదే ఎర్త్ అనుకోవడం సరికాదు.

రెండు కంప్యూటర్లకూ రెండు విడి పవర్ వైర్లు, రెండు విడి ప్లగ్గులు ఉండాలి, కానీ ఆ రెండూ ఒకే ఫేజు మీద ఉండాలి. త్రీ ఫేజు కనెక్షన్ ఉన్న ఇళ్లలో గదికో ఫేజు పంచుతారు. పక్క గది ప్లగ్గు నుంచి ఒక వైరు లాక్కొస్తే, ఒకే పెట్టెలోకి 400 వోల్టుల తేడా ఉన్న రెండు లైన్లు వచ్చి చేరుతాయి. లోపల చెయ్యి పెట్టే మనిషికి ఆ సంగతి తెలియదు. ఎర్త్ కూడా రెండు ప్లగ్గులకూ ఒకే బోర్డు నుంచి రావాలి. రెండు కంప్యూటర్లనూ కేవీఎం స్విచ్చుతో (ఒకే మానిటరు, కీబోర్డుతో రెండింటినీ వాడుకునే స్విచ్చు) కలిపితే, ఒక ప్లగ్గు ఎర్త్ తెగిపోయినప్పుడు దాని లీకేజీలో కొంత ఆ సన్నని వైర్ల మీదుగా పోవచ్చు.

యూపీఎస్ డిస్కుల కంప్యూటరుకు మాత్రమే ఇవ్వండి. 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు ఇస్తుంది, మీ డిస్కుల కంప్యూటరు నడిచేటప్పుడు సాధారణంగా 70, 80 వాట్లకు మించదు. యూపీఎస్ నుంచి యూఎస్‌బీ వైరు కూడా దానికి కలిపితే బ్యాటరీ అడుగంటే లోపే అది తనంతట తాను షట్‌డౌన్ అవుతుంది. యూపీఎస్‌ను గూటి బయటే ఉంచండి, బ్యాటరీకి వేడి పనికిరాదు.

సమాధానం
సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, చంద్రగిరి

పై ముగ్గురూ చెప్పనిది ఒకటే. ఎడిటింగ్ కంప్యూటర్లో ఉన్న ఫైళ్లకు నకలు డిస్కుల కంప్యూటర్లో ఉందన్న ధైర్యం మీకు ఇప్పటిదాకా ఉండి ఉంటుంది. రెండూ ఒకే పెట్టెలోకి వచ్చాక ఆ ధైర్యానికి ఆధారం తగ్గిపోతుంది. గూట్లోకి వాన నీరు దిగినా, పిడుగుపాటుకు వోల్టేజీ ఎగసినా రెండూ కలిసే పోతాయి. నాలుగు డిస్కులు రెయిడ్‌లో ఉన్నాయి కదా అనుకోకండి, ఒక డిస్కు చెడినప్పుడు పని ఆగకుండా చూడటానికే రెయిడ్. పొరపాటున చెరిపిన ఫైలును గానీ, మొత్తం పోయిన పెట్టెను గానీ అది తెచ్చి ఇవ్వదు. ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో మూడో నకలు తీసుకుని బంధువుల ఇంట్లోనో, మరెక్కడైనానో ఉంచండి. ఒక కుటుంబం పెళ్లి ఫొటోలు మళ్లీ తీయగలిగినవి కావు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పడుకోబెట్టిన రెండు ట్రేల పద్ధతికే నిర్ణయించుకున్నాను. ఎక్స్‌టర్నల్ డిస్కు కొని మా అక్క వాళ్లింట్లో పుత్తూరులో ఉంచుతాను, నెలనెలా ఎలాగూ వెళ్తుంటాం. రెండు సందేహాలు మిగిలాయి. గూటికి వెనుక, పక్కల సిమెంటు గోడే, ముందు ఒక్కటే తెరిచి ఉంది. వేడి గాలి వెనుక నుంచి వచ్చి మళ్లీ ముందు ఫ్యాన్లలోకే చేరదా? రెండోది, రోడ్డు పక్క ఇల్లు కావడం వల్ల దుమ్ము చాలా ఎక్కువ. రాత్రి పూట గదిలో పడుకుంటాం కాబట్టి చప్పుడు కూడా తగ్గాలి.

సమాధానం
కంప్యూటర్లు బిగించే పనిలో ఉన్నవారు, తిరుపతి

మీ మొదటి సందేహం చాలా సరైనది. ముందుగా ఎంత గాలి కావాలో చూద్దాం. ఎడిటింగ్ కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు 170 వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠంగా 76 వాట్లు తీసుకుంటాయి. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది కలుపుకుంటే వీడియో రెండర్ అయ్యేటప్పుడు దాదాపు 350 వాట్ల వేడి బయటికి పోవాలి. లోపలికి వచ్చిన గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి పోవాలంటే సెకనుకు సుమారు 30 లీటర్ల గాలి, అంటే 60 సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఘనపు అడుగులు) పైచిలుకు కావాలి. 120 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టె మీద 50, 60 సీఎఫ్ఎమ్ అని రాసి ఉంటుంది కానీ, ఆ లెక్క ముందు ఏ అడ్డమూ లేనప్పటిది. జాలీ, ఫిల్టరు అడ్డం వస్తే అందులో సగం కూడా రాకపోవచ్చు. అందుకే పై ట్రే ముందు పలకకు మూడు ఫ్యాన్లు పెట్టండి, 500 మిల్లీమీటర్ల వెడల్పులో హాయిగా పడతాయి. వెనుక పోర్టుల పైన మిగిలే జాగాలో 92 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి గాలిని బయటికి తోసేలా పెట్టండి. కింది ట్రేకు రెండు చాలు, వాటిలో ఒకటి తప్పనిసరిగా డిస్కుల ఎదురుగా ఉండాలి. చాలా డిస్కులకు కంపెనీ చెప్పే పని ఉష్ణోగ్రత గరిష్ఠం 60 డిగ్రీలు. గది 40 డిగ్రీలున్నప్పుడు మీకు మిగిలే వెసులుబాటు 20 డిగ్రీలే అని గుర్తుంచుకోండి.

వెనక్కి పోయిన వేడి గాలి తిరిగి ముందుకు రావడానికి దగ్గర దారి పెట్టెకు రెండు పక్కలా ఉన్న 5 సెంటీమీటర్ల సందులు. వాటినీ, పెట్టె కింద కాళ్ల ఎత్తు సందునూ ముందు వైపున రేకు పట్టీతో, అంచుకు ఫోమ్ టేపు అంటించి మూసేయండి. సర్వర్ గదుల్లో ర్యాకు ఖాళీలను పలకలతో మూసేదీ ఇందుకే. అప్పుడు వేడి గాలి వెనుక 9 సెంటీమీటర్ల సందులోంచి పైకి లేచి, పెట్టె పైన ఉన్న 40 సెంటీమీటర్ల ఖాళీ గుండానే బయటికి రావలసి వస్తుంది, మీ ఫ్యాన్లు దానికి చాలా కింద ఉంటాయి. ఆ పై ఖాళీలో సామాన్లు పెట్టనివ్వకండి. గూటి పై భాగంలో బయటి గోడకు కంత కొట్టించి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించుకోగలిగితే అంతకంటే మేలు ఇంకొకటి లేదు, గదిలోకి వేడి రావడం కూడా తగ్గుతుంది.

దుమ్ముకు మందు ఏమిటంటే, బయటికి తోసే గాలి కంటే లోపలికి తెచ్చే గాలి ఎక్కువ ఉండాలి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టరు గుండా తప్ప లోపలికి రాలేదు. ముందు పలకకు నైలాన్ జాలీ ఫిల్టరును అయస్కాంతపు పట్టీతో అంటించుకుంటే చేత్తో లాగి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక తిరిగి పెట్టుకోవచ్చు. ఇంకో జత ఫిల్టర్లు దగ్గర ఉంచుకుంటే ఆరే దాకా ఆగనక్కర్లేదు. జాలీకీ ఫ్యానుకూ నడుమ ఒక సెంటీమీటరైనా ఎడం ఉండాలి, అతుక్కుని ఉంటే ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది.

రాత్రి చప్పుడు ఫ్యాన్ల కంటే డిస్కుల వల్లే ఎక్కువ. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 సార్లు సన్నగా అదురుతుంది, ఆ అదురు రేకుకు చేరితే పెట్టె అంతా రొద పెడుతుంది. డిస్కుల ఫ్రేమును ట్రేకు నేరుగా బిగించకుండా నాలుగు మూలలా రబ్బరు బుష్షులు వేసి బిగించండి, ఫ్రేముకు ఎర్త్ తీగ మాత్రం విడిగా ఇవ్వండి. పెట్టె కాళ్లకూ మెత్తని రబ్బరే వాడండి. ఫ్యాన్లు నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకం (వేగాన్ని బోర్డే మార్చగలిగేవి) తీసుకుంటే చల్లని వేళ వాటంతట అవే నెమ్మదిస్తాయి. స్టాండాఫ్‌లు, బుష్షులు, ఫ్యాన్లు ఇక్కడ అన్నీ ఒకే చోట దొరకకపోతే చెన్నై రిచీ స్ట్రీటులో ఒక పూటలో కొనేసుకోవచ్చు.

పవర్ బటన్ల విషయం మీరు అడగలేదు కానీ రేకు కోయించే లోపే తేల్చుకోవాలి. నొక్కి వదిలితే తిరిగి పైకి వచ్చే రకం బటన్లే తీసుకోండి, ఆన్ ఆఫ్ నిలిచిపోయే స్విచ్చి పెడితే నాలుగైదు సెకన్లలో కంప్యూటరు ఆగిపోతుంది. ఏ ట్రే బటన్ ఆ ట్రే ముందు పలకకే ఉండాలి. కింది ట్రే బటన్‌ను పలక కంటే లోపలికి దించి, వేలు పెట్టి నొక్కితే తప్ప తగలకుండా బిగించండి. వెనుక ల్యాన్, డిస్‌ప్లే వైర్లు ట్రే పూర్తిగా బయటికి వచ్చేంత పొడవుగా, అర మీటరు మిగులు ఉండేలా వదిలి, గూటి పక్క గోడకు క్లిప్పులతో చుట్టి పెట్టండి. పవర్ వైరును మాత్రం అలా వదలకండి, ట్రే లాగే ముందు దాన్ని ప్లగ్గు నుంచి తీసేయండి.